అడ్రస్‌లో ఒక గీత ఎవరు తీశారు?

పొద్దున కుప్పం నెట్ సెంటర్ నుంచి గుడుపల్లె రైతు ఒకాయన ఫోన్ చేశాడు. "మా పాప కాలేజీ అప్లికేషన్‌కి లాస్టు డేటు ఈ పొద్దేనమ్మా. మీ సైట్లో లింకు నొక్కితే ఏమీ రాకుండా ఉండాది."

ఆ సైటు మదనపల్లెలో మా ఆఫీసే చేసింది. లింకుల కోడ్ నాది. నిన్న వెళ్లే ముందు అందులో కొంచెం మార్చాను. అయినా నా అనుమానమంతా, నేను వెళ్లాక నా సిస్టం ముందు కూర్చున్న మా ఆఫీసు మునిరత్నం మీదే.

"నా ఫైలు ముట్టుకున్నావా?" అని నిలదీశాను.

"నేను యాల ముట్టుకుంటానమ్మా? ఆ అడ్రస్ సూడు. హెచ్‌టీటీపీ తర్వాత రెండు గీతలుండాల, ఒకటే ఉండాది," అన్నాడు గదికి ఆ చివరున్న తన కుర్చీలోంచి లేవకుండానే.

నిజమే. ఫైళ్ల దారులు కలిపే జావా ఫంక్షన్‌కి నిన్న నేనే వెబ్ అడ్రస్ ఇచ్చాను. పక్కపక్కనే రెండు గీతలు కనిపిస్తే అది ఒకటి ఎక్కువనుకుని తీసేస్తుంది.

సరిచేసి రైతుకు ఫోన్ చేశాను. "అప్లికేషను పోయిందమ్మా, నంబరు గూడా వచ్చింది!" అన్నాడు.

మునిరత్నానికి సారీ చెప్పాను. కానీ అంత దూరం నుంచి ఒక్క గీత తగ్గిందని ఎలా కనిపెట్టాడు? మీకేమీ అనుమానం రావడం లేదా?