డొలీన వాలు మీద పైన్లు

డొలీన మొండిఘటం. మా స్కాట్లండు కొండల్లో మొండివాళ్లకి కరువేం లేదు గానీ, ఉన్న గొర్రెలన్నీ అమ్మేసి, పైన్ చెట్లు వాటంతటవే మొలుస్తాయని కూర్చున్న మనిషి మా ఊళ్లో ఆమె ఒక్కతే. వాళ్ల తాత బార్లీ పండించిన వాలు అది. తండ్రి నాటికి గొర్రెల మేత అయిపోయింది. వాగు పక్కన నాలుగు ముసలి పైన్లు మాత్రం మిగిలాయి.

ఆ వాలు మీద ఊరందరికీ మేత హక్కుంది. అందుకే మేత సంఘం పెద్ద ఫార్కర్ షరతు పెట్టాడు. ఎనిమిదేళ్లు కంచె వేసి వదిలేస్తాం, అప్పటికీ చెట్లు రాకపోతే గొర్రెలు మళ్లీ లోపలికి.

నర్సరీ మొక్కలు నాటుకోమని నేనే చెప్పాను. "నాకు ఆ ముసలివాటి పిల్లలే కావాలి," అంది.

పోస్టు బండి నడుపుకుంటూ బతికింది. చలికాలంలో కంచె దగ్గర మంచు పేరుకుంటే, దాని మీదుగా జింకలు దాటొచ్చి మొలకలు మేసేస్తాయని పార పట్టుకెళ్లి తవ్వేది. ఫార్కర్ ఎదురైనప్పుడల్లా, "ఏం డొలీనా, నీ అడవిలో దారి తప్పలేదు కదా?" అనేవాడు.

"తప్పితే నిన్నే కేకేస్తాలే. పని లేనివాడివి నువ్వే కదా," అనేది.

గడువు రోజున అందరం వెళ్లాం. ముసలి చెట్ల కిందా, వాగు గట్టు మీదా వెతికాం. మోకాలెత్తు హెదర్ పొదలు తప్ప ఏమీ లేవు. డొలీన మొహం పాలిపోయింది.

"పైకెళ్లి టీ తాగి తేల్చేద్దాం," అన్నాడు ఫార్కర్.

పైన, కూలిన గొర్రెల దొడ్డి పక్కన, పొదల మీద చతికిలబడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే లేచాడు.

"ఏదో గుచ్చుకుంది."

డొలీన వంగి పొద విడదీసింది. జానెడు పైన్ మొక్క. దాని పక్కన ఇంకోటి.

"కదలకు ఫార్కర్. నీ బూటు దగ్గరా ఉంది," అంది.

ఇక పెద్దవాళ్లమందరం మోకాళ్ల మీద పాకాం. మేం తల్లుల నీడలో వెతుక్కుంటుంటే, ఎండ కావలసిన పిల్లలు విత్తనాలుగానే గాలికెక్కి ఇంత పైకి వచ్చి కూర్చున్నాయి. ఎక్కడ చెయ్యి పెడితే అక్కడే ఉన్నాయి. ఎవరో లెక్కపెట్టబోయి విసుగొచ్చి మానేశారు.

"గెలిచావే డొలీనా," అన్నాను. ఏడుస్తూనే నవ్వింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

"గొర్రెల మాట ఇక ఎవరూ ఎత్తొద్దు," అన్నాడు ఫార్కర్ కటువుగా. టీ మాత్రం నిలబడే తాగుతున్నాడు.

"కూర్చోవయ్యా," అంది డొలీన.

"ఎక్కడ కూర్చోమంటావ్? జాగా ఉంచావా?" అన్నాడు.