కండక్టర్ విజిల్, నా కారు క్లచ్

మా ఆవిడ హగరిలో రైలెక్కాలి. తప్పితే ఆమె తమ్ముడి నిశ్చితార్థం ఆమె లేకుండానే జరిగిపోతుంది. సరిగ్గా సిరిగేరి దాటగానే నా ముసలి కారు క్లచ్ పెడల్ పాతాళానికి దిగిపోయి, ఇక పైకి రానంది.

వెనకే వచ్చిన బస్సు ఆగింది. డ్రైవరూ కండక్టరూ దిగారు. బస్సులో ఉన్న సగం జిల్లా కిటికీల్లోంచి సలహాలు కురిపించింది.

"పైపు వదులై ఆయిల్ కారిపోయిండాదప్పా. లోపల గాలి చేరింది, అది తీస్తే సాలు" అన్నాడు కండక్టర్. పైపు బిగించి, డిక్కీలోని బ్రేక్ ఆయిల్ పోయించి, డ్రైవర్‌ను నా సీట్లో కూర్చోబెట్టి తాను కారు కింద దూరాడు. "అన్నా, ఒక విజిల్‌కి తొక్కిపట్టు, ఇంకోదానికి వదులు!"

కారు కింద నుంచి విజిళ్లూ బుడగలూ పోటీపడి వచ్చాయి. చివరికి పెడల్ గట్టిపడింది. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేసి, గేరు వేసి చూశాడు. పడింది!

"ఆయ్తన్నా, పని అయిపాయ!" అంటూ కండక్టర్ బయటికొచ్చి, సంతోషం పట్టలేక వెంటవెంటనే రెండు విజిళ్లు ఊదాడు.

బస్సు డ్రైవర్‌కు రెండు విజిళ్లంటే బండి కదలమని బ్రహ్మాజ్ఞ. వెనక సీట్లో మా ఆవిడతో సహా నా కారు దుమ్ము లేపుకుంటూ హగరి వైపు మాయమైంది. ఆమెకు రైలు అందుతుందనే ధైర్యమైతే నాకు వచ్చింది.

బస్సంతా నన్నే చూస్తోంది. కండక్టర్ దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నీకు బస్సు నడిపేది వస్తాదేమప్పా?"