బతుకమ్మకు సీడీ ప్లేయర్

కెనడాలోని విండ్సర్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో సీడీ ప్లేయర్‌ను చంకలో పెట్టుకుని అరగంట నిలబడ్డాను. కొనాలా, వద్దా? ప్రపంచంలోని పాటలన్నీ ఫోన్‌లో దొరికే కాలంలో ఈ డబ్బా కొంటే, మా ఇంట్లో ఉండే ఆరుగురు అమ్మాయిలూ నన్ను బతకనివ్వరని తెలుసు. కొనకపోతే ఇంకో రెండు వారాల్లో రెండు వందల మంది ముందు నా పరువు పోతుందనీ తెలుసు.

ఆ పరువు గొడవ తెచ్చిపెట్టింది నా నోటి దురుసే. అంతకుముందు ఏడాది కాలేజీ పిల్లలంతా కలిసి కమ్యూనిటీ హాల్లో బతుకమ్మ చేశారు. ఫోన్‌ను పెద్ద స్పీకర్‌కు తగిలించి డీజే పాటలు పెట్టారు. అందరూ ఎగిరారు కానీ ఒక్కరూ నోరు విప్పి పాడలేదు. పాట సగంలో ఉండగానే ఎవరో ఒకరు ఫోన్ అందుకుని ఇంకోటి పెట్టేయడం. నాకు ఒళ్లు మండి, ఇది బతుకమ్మా, పెళ్లి బరాతా అని అందరిలోనూ అనేశాను. ఏర్పాట్లన్నీ చూసుకునే సీనియర్ అక్క కోపం తెచ్చుకోలేదు.

"మంచిగ చెప్పినవ్. వచ్చే ఏడు నువ్వే పాడియ్యి" అంది.

"పాడిస్తా. అందరితోని నోరు తెరిపిస్తా" అన్నాను.

ఆ తర్వాత క్లాసులు, కాఫీ షాపులో పార్ట్‌టైమ్, వర్క్ పర్మిట్ దిగులు. పండగకు నెల ముందు పాటలు ఒకసారి చూసుకుందామని కూర్చుంటే అప్పుడు తెలిసింది. నాకు ఒక్క పాటా రాదు! ఊహ తెలిసినప్పటి నుంచీ ఏటా తొమ్మిది రోజులూ ఆడినదాన్ని. కానీ మా వాడలో పాట ఎత్తుకునేది మా పెద్దమ్మ. వెనకాల "ఉయ్యాలో" అని పలికేది మేము. ఆ ఒక్క మాట పలికి పలికి పాటంతా వచ్చనుకున్నాను.

పెద్దమ్మకు ఫోన్ చేసి పాడమంటే రెండు చరణాలు పాడి ఆగిపోయింది. ఎదురుగా పలికేవాళ్లు లేకపోతే ఈ వయసులో పాట యాదికి రాదట. ఎప్పుడో వరంగల్‌లో స్టూడియోకు పోయి పాడిన సీడీ ఒకటి బీరువాలో ఉంటే, సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో ఇక్కడి కాలేజీలో చేరడానికి వస్తున్న మా వాడ అమ్మాయితో పంపించింది. ఆ అమ్మాయి పాపం చీర మడతల్లో పెట్టి భద్రంగా తెచ్చింది. తీరా చూస్తే మా ఇంట్లో ఏడు లాప్‌టాప్‌లున్నాయి, ఒక్కదానికీ సీడీ పెట్టే చోటు లేదు.

రూమ్‌మేట్స్ పడీ పడీ నవ్వారు. లైబ్రరీకి తీసుకుపోయి ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు కదా అంది ఒకమ్మాయి. తెలివైన మాటే. కానీ ఫోన్‌లోకి ఎక్కితే మళ్లీ ఎవరిదో వేలు పడుతుంది, మళ్లీ మధ్యలో డీజే మోగుతుంది. అదే సీడీ ప్లేయర్ అయితే అందులో ఉండేది ఒక్కటే సీడీ, ఆ సీడీలో ఉండేది ఒక్కటే గొంతు. మారుద్దామన్నా మార్చలేరు. నా మొండితనానికి అది బాగా నచ్చింది. అయినా దుకాణంలో నిలబడేసరికి చెయ్యి ముందుకు రాలేదు.

కౌంటర్ దగ్గర ప్లగ్ ఉంది, పెట్టి చూసుకోమన్నాడు దుకాణం పెద్దాయన. పెట్టాను. పెద్దమ్మ గొంతు ఖంగుమంది. ఒక్క పాదం పాడి ఆగింది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఒక పాదం, మళ్లీ నిశ్శబ్దం. ప్లేయర్ చెడిపోయిందని ఆయన ఇంకోటి తెచ్చాడు. అందులోనూ అంతే. సీడీయే పోయింది, నా పని అయిపోయింది అనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో ఇంకో పాదం అయింది, ఆ నిశ్శబ్దంలో నాకు తెలియకుండానే నా నోరు "ఉయ్యాలో" అంది. అలా అన్నానో లేదో, సరిగ్గా తాళానికి పెద్దమ్మ తర్వాతి పాదం అందుకుంది.

అక్కడి నుంచే ఫోన్ చేసి, మధ్యలో ఆ ఖాళీలెందుకు వదిలావని అడిగాను.

"మీరు పల్కాలె గద బిడ్డా. మీ వంతు గూడ నేనే పాడాల్నా?" అంది.

ఇక ఆలోచన లేదు, కొనేశాను. రెండు వారాలు అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ దాంతోనే గడిపాను. నవ్విన రూమ్‌మేట్సే వంటింట్లోంచి పలకడం మొదలుపెట్టారు.

పండగ రోజు, రోడ్ల పక్కన తంగేడులా పచ్చగా పూసే పూలు కోసుకొచ్చి బతుకమ్మను పేర్చాం. ప్లేయర్‌ను స్పీకర్‌కు కలిపి మీట నొక్కాను. మొదటి పాదం అయ్యాక నిశ్శబ్దం. అందరూ నా వైపు చూశారు. ఒకమ్మాయి ప్లేయర్ ఆగిందేమోనని అటు పోబోయింది. నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టి పలికాను. రెండోసారి రూమ్‌మేట్స్ కలిశారు. మూడోసారి మిస్సిసాగా నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చిన ఆంటీలు. అయిదో పాదానికి సీనియర్ అక్క అందరికన్నా గట్టిగా పలుకుతోంది. హాల్లో నోరు తెరవనివాళ్లు లేరు. గెలిచాను అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

పాట మంచి ఊపులో ఉండగా ఎవరి కాలో వైరుకు తగిలి ప్లగ్ ఊడింది. పెద్దమ్మ గొంతు సగం పాదంలో తెగిపోయింది. చప్పట్లు తడబడ్డాయి. పాట ఎత్తుకోవాల్సిన పని జీవితంలో మొదటిసారి నా మీద పడింది. కళ్లు మూసుకుని మిగిలిన సగం పాడాను. నేను ఊపిరి తీసుకునేలోపే హాలంతా "ఉయ్యాలో" అని పలికింది.

ప్లగ్ పెట్టడానికి వంగిన అమ్మాయిని వద్దని చేత్తోనే ఆపి, తర్వాతి పాదం ఎత్తుకున్నాను.