నిద్రపుచ్చే నిపుణుడు

"...అయితే పదకొండేళ్లుగా నడుస్తున్న కోడ్‌కి, నిన్నగాక మొన్న వచ్చిన నువ్వు వంక పెడతావు?"

"పదకొండేళ్ల కోడ్‌కి కాదు బావా. మొన్న మీరు అటూ ఇటూ మార్చిన రెండు లైన్లకి."

"ఆఫీసులో బావా గీవా వద్దని చెప్పానా?"

"సరే సార్. ఆ రెండు లైన్లకి, సార్."

పరికరాల పరీక్షల గది తలుపు తెరిచే ఉంది. బయట కూర్చున్నవాళ్లు ఉన్నట్టుండి తెగ పనిచేయడం మొదలుపెట్టారు.

ఆ 'సార్'ని ఆఫీసులో చాటుగా జోలపాట అంటారు. రోగులకు మందు ఎక్కించే పంపులు తయారుచేసే సంస్థ అది. పంపులోని ప్రాసెసర్ కోర్లకు, అంటే లెక్కలు చేసే భాగాలకు, పని లేనప్పుడు కరెంటు ఆపి నిద్రపుచ్చడం ఆయన బాధ్యత. ఈ ఒక్క విద్యతో రెండు ప్రమోషన్లూ, అద్దాల గదీ సంపాదించాడు. టీ కప్పును బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాడు. ఎవరైనా సందేహం అడిగితే జవాబు చెప్పడు, ముందు ఏ కాలేజీలో చదివారో అడుగుతాడు. ఇంట్లో గది గదికీ తిరిగి లైట్లు ఆర్పుతాడు. లోపల మనిషి ఉన్నదీ లేనిదీ చూడడు. "ఉన్నానండీ" అని చీకట్లోంచి భార్య కేకవేయడం ఆ ఇంట్లో మామూలే.

నిద్రపుచ్చడంలో చిక్కు ఒకటుంది. కోర్ తన లెక్కలన్నీ వెంటనే ప్రధాన మెమరీకి పంపదు. క్యాష్ అనే చిన్న చోట దగ్గరే పెట్టుకుంటుంది. కరెంటు పోతే అందులో ఉన్నది పోతుంది. అందుకని ముందు క్యాష్‌లోకి కొత్తవి రాకుండా ఆపాలి, తర్వాత ఉన్నవాటిని మెమరీకి చేర్చాలి, ఆ తర్వాతే కరెంటు తీయాలి. కౌంటర్ మూశాక బల్ల ఖాళీ చేసినట్టు. ముందే బల్ల ఖాళీ చేస్తే, కౌంటర్ మూసేలోగా ఎవరో ఒకరు ఇంకో కాగితం పెట్టిపోతారు.

ప్రాసెసర్ తయారుచేసినవాళ్ల పుస్తకంలో ఇదంతా గడి కట్టి మరీ రాశారు. ఆయన చదవకపోలేదు. కానీ క్యాష్ ఆపేశాక ఖాళీ చేయడం నెమ్మది. క్రమం తిప్పితే కోర్ త్వరగా నిద్రపోతుంది, బ్యాటరీ కాస్త ఎక్కువసేపు వస్తుంది. తిప్పాడు. గ్రాఫు గీసి పెద్దల ముందు పెట్టాడు. వాళ్లు గాజు జ్ఞాపిక ఇచ్చారు. వచ్చినవాళ్లకు కనబడేలా దాన్ని తలుపువైపు తిప్పి పెట్టుకున్నాడు.

ఆ పంపును పరీక్షించే పని ఆయన మరదలిది, భార్య చెల్లెలిది. ఉద్యోగం ఆయన సిఫారసుతో వచ్చింది, ఇంకా పర్మనెంట్ కాలేదు. ఉండేది ఆయన ఇంటి మేడ మీద గదిలో. సోమవారం ఆమె చూస్తుండగా పంపు ఒక మోతాదు ఇచ్చి, ఇచ్చినట్టు రాసుకుని నిద్రపోయింది. లేచేసరికి ఆ రాత లేదు. మళ్లీ ఇచ్చింది. కొలత గ్లాసులో పడింది నీళ్లే కాబట్టి సరిపోయింది. శుక్రవారం పంపు విడుదల పత్రం మీద సంతకం పెట్టాల్సింది ఆమే.

రాత ఎక్కడ పోతోందో చూద్దామని, ఖాళీ చేసే లైనుకు ముందు, తెరమీద ఒక ముక్క చూపించే లైను పెట్టింది. లోపం మాయమైంది. ఆ లైనుకు పట్టే కాసేపట్లో, ఖాళీ చేసేలోగా, ఆఖరి రాత కూడా క్యాష్‌లోకి వచ్చి చేరుతోంది.

ఆయనకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే మంగళవారం ఆ లైనును అక్కడే ఉంచి, పక్కన "తీయవద్దు" అని రాసి, లోపాన్ని తాను సరిచేసినట్టు అందరికీ మెయిల్ పంపాడు.

"ఇది సరిచేయడం కాదు సార్, ఆలస్యం చేయడం."

"లోపం పోయిందా లేదా?"

"కనబడట్లేదు."

"రెంటికీ తేడా ఏంటమ్మా?" అన్నాడు, చదువుకున్నవాడు.

సాయంత్రం అక్క మెట్లెక్కి వచ్చింది. "ఉద్యోగం గట్టిపడేదాకా ఆయన మాట వినకూడదుటే?"

"రెండు లైన్లు మళ్లీ తిప్పితే చాలక్కా. ఐదు నిమిషాల పని."

"మరి తిప్పొచ్చుగా ఆయన?"

"తిప్పితే గ్రాఫు తగ్గుతుంది."

అక్క కిందికి వెళ్లిపోయింది.

బుధ, గురువారాల్లో ఆమె నాలుగు పంపులనూ కలిపి నలభై వేలసార్లు నిద్రపుచ్చి లేపింది. తెరమీద చూపించే లైను ఉన్నా, ఒక్కసారి రాత పోయింది, మోతాదు రెండుసార్లు పడింది.

శుక్రవారం మేనేజరు గదిలో ముగ్గురే ఉన్నారు.

"నలభై వేలల్లో ఒకటి!" అని జోలపాట నవ్వాడు. "కరెంటు హెచ్చుతగ్గులై ఉంటుంది సార్. కొత్తవాళ్లకు ప్రతిదీ భూతంలాగే కనబడుతుంది."

"పంపు రోజుకు ఎన్నిసార్లు నిద్రపోతుంది?" అని మేనేజరు అడిగాడు.

"రెండు వందలు ఉంటుందేమో," అన్నాడు జోలపాట.

"ఎన్ని పంపులు పంపుతున్నాం?"

"మూడు వేలు సార్," అంది ఆమె. "రోజుకు ఆరు లక్షల నిద్రలు. అంటే పదిహేను సార్లు రెండో మోతాదు. ఎవరికో ఒకరికి."

"కాగితం లెక్కలు," అన్నాడు ఆయన. తర్వాత గొంతు తగ్గించి, "ఉద్యోగం ఎవరిప్పించారో, ఎవరింట్లో ఉంటున్నావో గుర్తు పెట్టుకుని మాట్లాడితే బావుంటుంది," అన్నాడు. మేనేజరు వినబడనట్టు గడియారం చూసుకుని, విడుదల పత్రాన్ని ఆమెవైపు జరిపాడు.

ఆమె రాసి, పత్రాన్ని వెనక్కి తిప్పి పెట్టింది.

"ఫెయిల్ అని రాశాను సార్. ఆదివారం మేడ మీద గది ఖాళీ చేస్తాను, బావా."