అవ్వ వేలిముద్ర వేసిన విడాకుల కాగితం

మా అవ్వకు ఎనభై దాటాయి. విడాకులప్పుడు మొదటి భర్త వెంకటప్ప ఇంట్లో వదిలేసి వచ్చిన మూడేళ్ల కూతురు రత్నను ఒక్కసారి చూడాలని పోయిన నెల జ్వరంలో అడిగింది. ఆలస్యం చేస్తే అడిగిన మనిషే ఉండదేమోనని ఇప్పుడే రాస్తున్నాను. వెంకటప్పది కర్ణాటకలో బాగేపల్లి దగ్గరి చాకవేలు అనే ఊరు. ఆ కుటుంబం ఎప్పుడో బంధువుల ఊరికి వెళ్లిపోయిందట, ఏ ఊరో అక్కడెవరికీ తెలియదు. విడాకుల కాగితంలో ఏదైనా ఆచూకీ ఉంటుందని బయలుదేరాను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే.

బట్లహళ్ళిలో ఆరున్నరకు బస్సెక్కి, చింతామణిలో మారి, తొమ్మిదిన్నరకు చిక్కబళ్ళాపురం చేరాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సర్కారు బస్సులో టికెట్ ఉచితం. కోర్టు గుమాస్తా నా అర్జీ చదివి నవ్వాడు.

"ఆ కాలం దస్త్రాలు కోలారులో ఉంటాయమ్మా, అప్పుడు మనది ఆ జిల్లానే. అయినా మీవోళ్ళు కోర్టుకు యాడ పోయింటారు? పెద్దమనుషుల ముందర రాపిచ్చుకోనింటారు. బాగేపల్లిలో పాత పత్రాలు రాసేటోళ్ళ ఇండ్లు అడుగుపో."

బాగేపల్లికి గంట ప్రయాణం. బస్టాండు నుంచి నలభై రూపాయలకు ఆటో అతను ఒక ఇంటి ముందు దింపాడు. పత్రాలు రాసే పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన కోడలు సరోజమ్మ ఇనుప పెట్టె చూపించింది.

"మా మామ ప్రతిదానికీ ఇంకో ప్రతి రాసి పెట్టుకునేటోడు. ఎలకలు ఏమన్నా మిగిలిచ్చింటే నీ అదృష్టం. ముందు ముద్ద తిను."

రాగిముద్ద, ఉలవల సారు తిని మూడు గంటలు వెతికాను. దొరికింది. అక్షరాలు కన్నడ, మాటలు మా ఇంటి తెలుగు. బయటి ఊరి సాక్షి ఒక్కడే: గౌరిబిదనూరులో ఉండే వెంకటప్ప బావ. వాళ్లు వెళ్లిన బంధువుల ఊరు అదే అయ్యుండాలి. అడుగున అవ్వ వేలిముద్ర. దాని పైన, "బిడ్డ తండ్రి దగ్గరే పెరగాల. తల్లి ఎప్పుడొచ్చినా చూపించాల, అడ్డం చెప్పకూడదు."

సాయంత్రం అవ్వకు చదివి వినిపించాను.

"మళ్ళా చదువు," అంది. చదివాను.

"ఏలు పెట్టినాక బిడ్డ నీది కాదన్నారే. ఈ మాట ఎవురూ చదివి చెప్పల్యా." చాలాసేపు కాగితం మీద చెయ్యి తీయలేదు. తర్వాత, "నా పచ్చ చీర యాడుండాదో చూడు పాపా," అంది.

ఇన్నేళ్లు అవ్వను ఆపింది తను చదవలేని కాగితం. అదే కాగితం ఇప్పుడు ప్రయాణం కట్టిస్తోంది. మీరూ పాత విడాకుల కాగితం కోసం వెతుకుతుంటే కోర్టుకంటే ముందు పత్రాలు రాసేవాళ్ల ఇళ్లకు వెళ్లండి. సాక్షుల పేర్లు వదలకుండా చదవండి.

చాకవేలు వెంకటప్ప కూతురు రత్నమ్మ, ఇప్పుడు అరవై దాటి ఉంటుంది, ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ. తెలిసినవారు ఈ నెల ఇరవై ఐదులోగా ఇక్కడే జవాబు రాయండి. ఇరవై ఆరు పొద్దున అవ్వను తీసుకుని గౌరిబిదనూరు వెళ్తున్నాను. ఏ వీధిలో దిగాలో మాత్రం తెలియదు.