చీటీలో లేని సూదులు

కూతురు స్వర్ణకు షుగరు ఉందని తెలిసిన కొత్తలో కృపావతి ప్రతి సూదినీ ఒక్కసారే వాడి పారేసేది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో నర్సు అలాగే నేర్పింది. పదకొండేళ్ల పిల్ల బడిలో స్పృహ తప్పి పడిపోతే, డోలీలో కొండ దింపి, టైడా దగ్గర రోడ్డెక్కించి, అక్కడికి తీసుకెళ్లారు. పిల్ల బతికి బయటపడింది. ఇన్సులిన్ మందు నింపిన పెన్నులాంటి పరికరం ఒకటి చేతికిచ్చి, పూటపూటా తిండికి ముందు పొడవాలని, మానేస్తే ప్రాణం మీదికొస్తుందని చెప్పి పంపారు.

తీరా మండలం ఆసుపత్రిలో మందుల కిటికీ దగ్గరికి వెళ్లాక చిక్కు బయటపడింది. అక్కడ మందులిచ్చే సందీప్ చీటీని రెండుసార్లు చదివాడు.

"మందు నెలకి సరిపడా రాశారమ్మా. సూదులు మాత్రం పదే రాశారు."

"పది సూదులు నాలుగు రోజులు కూడా రావు కదా బాబూ. రోజుకి మూడుసార్లు పొడుస్తన్నాం."

"నిజమేనమ్మా. కానీ రాసినదానికి మించి కొడితే కంప్యూటర్ తీసుకోదు. పట్నంలో రాసినాయన చేతే మార్పించుకురండి."

సందీప్ చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. కృపావతి పట్నం వెళ్లింది. రాసిన డాక్టరు బదిలీ అయిపోయాడు. షుగరు ఓపీ ఆ రోజు లేదన్నారు. మరోసారి వెళితే రైలు ఆలస్యమై, ఆమె చేరేసరికి ఓపీ తలుపులు మూసేశారు. అరకు బజారులో మందుల కొట్లన్నీ తిరిగింది. ఆ రకం సూదులు ఇక్కడ ఎవరూ అడగరని, అందుకే తాము తెప్పించడం లేదని అన్నారు.

దాంతో వాడిన సూదినే మళ్లీ వాడడం మొదలుపెట్టింది. ఒక పూట వాడిన సూది రెండో పూటకి, మర్నాటికి, ఆ పై వారానికి. మొన మొద్దుబారిన సూది చర్మంలోకి దిగదు, నొక్కి దించాలి. స్వర్ణ పొట్ట మీద, తొడల మీద నల్లటి మచ్చలు తేలాయి. వాటి కింద గట్టి గడ్డలు కట్టాయి. గడ్డ కట్టిన చోట పొడిస్తే మందు సరిగా ఒంటికి పట్టదు. షుగరు ఒక పూట ఎగబాకేది, ఒక పూట పడిపోయేది. ఎంతుందో చూసుకునే స్ట్రిప్పులు కూడా అయిపోయాయి.

"ఈ పూటకి వద్దమ్మా, తినను, తినకపోతే పొడవక్కర్లేదు కదా!" అని పిల్ల కాఫీ చెట్ల మాటున దాక్కునేది. వెతికి పట్టుకొచ్చి ఒడిలో అదిమిపెట్టి పొడిచేటప్పుడు, తన బిడ్డను తానే హింస పెడుతున్నట్టు ఉండేది కృపావతికి. తండ్రి ఫల్గుణ ఆ కాసేపు చూడలేక ఇంట్లోంచి వెళ్లిపోయేవాడు.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. కొండచరియలు పట్టాల మీద పడి రైళ్లు ఆగిపోయాయి. ఒక పొద్దున పొడవబోతే సూది వంగిపోయింది. మందు ఒక్క బొట్టు కూడా రాలేదు. ఇంట్లో మరో సూది లేదు. ఫల్గుణ వర్షంలోనే ఆసుపత్రికి బయలుదేరాడు. దారిలో వాగు పొంగి ఉండడంతో సగంలోనే తిరిగొచ్చాడు. మర్నాటికి పిల్లకి వాంతులు మొదలయ్యాయి. ఎగశ్వాస. నోటి దగ్గర మాగిన పండు వాసన. కిందటేడు స్పృహ తప్పే ముందు కూడా సరిగ్గా ఇదే వాసన వచ్చింది.

ఊళ్లో షుగరున్న మనిషి ఇంకొకడే, సోములు. ముసలివాడు, కాలికి మానని పుండు. అతనిది సీసా మందు, సిరంజితో ఎక్కించుకుంటాడు. కృపావతి వానలో తడుస్తూ అతని గుమ్మంలో నిలబడింది.

"మావా, గుంట సచ్చిపోతాది. సూదుంటే ఇయ్యి మావా!"

సోములు చూరులోంచి ఒక పొట్లం తీశాడు. అందులో విప్పని సిరంజి ఒకే ఒక్కటి ఉంది.

"మరి నీకో?"

"నాకింకోటి ఉందిలే. బేగి ఎల్లు."

అయినా కృపావతి వెంటనే వెళ్లలేదు. పెన్ను మందు వేరు, సిరంజి వేరు, రెండూ కలపొద్దని నర్సు చెప్పడం లీలగా గుర్తుంది. ఫోను పట్టుకుని గుట్టెక్కి, సిగ్నలు దొరికే బండ మీద నిలబడి, ఆశా కార్యకర్త సరళకు చేసింది.

"అక్కా, ఆ పెన్నులో మందు ఈ సిరంజితో తియ్యకు! కొలత మారిపోతాది. సోములు తాత సీసాలో మందే తియ్యి. ఆగు, డాక్టరమ్మనడిగి ఎంతో సెప్తాను."

కాసేపటికి సరళ మళ్లీ చేసి కొలత చెప్పింది. "పొడిసి ఊరుకోకండి. పిల్లని బేగి కిందకి దింపీండి. అంబులెన్సు రోడ్డు దగ్గరుంటాది."

కృపావతికి సిరంజి అలవాటు లేదు, తన సీసా పట్టుకుని ఆమె ఇంటికొచ్చిన సోములే సిరంజి అందుకుని గీత చూసి మందు తీశాడు. పొడుస్తుంటే స్వర్ణ ఏడవలేదు. అదే తల్లిని ఇంకా భయపెట్టింది. వాన కాస్త తెరిపిచ్చాక మగవాళ్లు నడుములకు తాడు కట్టుకుని వాగులోంచి డోలీ దాటించారు. కృపావతి వెనకే నడుస్తూ, వచ్చిన ప్రార్థనలన్నీ చేసి, అవి అయిపోయాక పేరు పెట్టి పిల్లను పిలుస్తూనే ఉంది. పిల్ల ఒక్కసారి కూడా పలకలేదు.

మండలం ఆసుపత్రిలో డాక్టరు లావణ్య సెలైన్ పెట్టించి, వెంటనే పట్నం పంపించింది. మూడో రోజుకు స్వర్ణ కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. అప్పటిదాకా ఏడవని కృపావతి గోడకు ఆనుకుని భోరుమంది.

డిశ్చార్జి చేసిన రోజు ఆమె వార్డులోంచి కదల్లేదు. "సూదులు రాయండి బాబూ. పూటకోటి రాయండి. అది రాయకపోతే నా పిల్లని ఇక్కడే ఉంచీండి, నాను తీసుకెళ్లను," అని డాక్టరు గది ముందు కూర్చుంది. గార్డు లేవమన్నాడు, లేవలేదు. చివరికి పెద్ద డాక్టరు పిలిపించి, పిల్ల పొట్ట మీది గడ్డలు చూసి, చీటీ తిరగరాశాడు. పూటకో సూది, స్ట్రిప్పులు కూడా. సోములుకు సిరంజిలు కూడా రాయమంటే మాత్రం, మనిషిని చూడకుండా రాయలేనన్నాడు.

ఊరికి చేరేసరికి సోములు మంచం మీద ఉన్నాడు. అతని దగ్గర ఇంకో సిరంజి లేదు, ఆ రోజు కూడా లేదు. మందు ఎక్కించుకోక పుండు పాదమంతా పాకింది.

"ఎందుకు అబద్దం ఆడినావు మావా?"

"నిజం సెప్తే నువ్వు తీసుకెల్తావేటి?"

అతన్నీ అదే డోలీలో దింపారు. ప్రాణం దక్కింది గానీ మోకాలి కింద కాలు తీసేశారు.

ఇప్పుడు నెలనెలా కృపావతి పిల్లదీ సోములుదీ రెండు చీటీలతో కిటికీ దగ్గర నిలబడుతుంది. చీటీలో అంతా సరిగానే ఉంది. సరుకే సరిగా రాదు.

"సగమే వచ్చాయమ్మా, మిగతావి వచ్చే వారం చూద్దాం," అంటాడు సందీప్.

"వచ్చే వారం దాకా పిల్లకి ఆకలెయ్యదా బాబూ?" అంటుంది ఆమె. అరవదు. కిటికీ పక్కనే నేల మీద కూర్చుంటుంది. కొన్నిసార్లు అతను లోపలికెళ్లి మరికొన్ని వెతికి తెస్తాడు. కొన్నిసార్లు నిజంగానే ఉండవు. అలాంటి వారాల్లో ఇంటికొచ్చి, వాడిన సూదిని పారేయకుండా మరో పూటకని చూరులో దాస్తుంది. పిల్ల అది గమనిస్తుంది. పొట్ట మీద గడ్డ లేని చోటు వేలితో వెతికి చూపించి, మొహం పక్కకి తిప్పుకుంటుంది.