చప్పుడు తగ్గిన తుపాకి

అశ్వారావుపేట దగ్గరి పామాయిల్ తోటలో గెలలు తినే చిలుకల్ని కొట్టడం వీరన్న కొలువు. గుండును నాలుక మీద తడిపి ఎయిర్‌గన్‌లో పెడతాడు. గురి తప్పదు. చిలుక నేల తాకేలోపే చచ్చిపోయేది. "నీ తుపాకి చప్పుడుకి పాప ఉలిక్కిపడి లేస్తంది వీరన్నా" అంది ఓనరు భార్య జ్యోత్స్న. ఆ సాయంత్రమే అతను గన్ను విప్పి, లోపలి స్ప్రింగును రెండు చుట్లు కోసేశాడు. మర్నాడు పుల్ల విరిచినంత చప్పుడే అయింది. దెబ్బలో బలమూ అంతే తగ్గింది. రెక్క విరిగిన చిలుక చెట్టు కింద గిరగిరా తిరుగుతూ అరిచిన అరుపుకి పాప మళ్లీ లేచింది.

"దాని మెడ విరిచెయ్యరాదూ!" అంది జ్యోత్స్న చెవులు మూసుకుని.

"అమ్మో, చేత్తో చంపితే పాపం నాకు తగుల్తదమ్మా. తుపాకితోనంటే అది కొట్టమన్నోళ్లది" అన్నాడు వీరన్న, లెంపలు వేసుకుంటూ.

ఇప్పుడతని జేబులో గుండ్లతో పాటు రబ్బరు బ్యాండ్లు కూడా ఉంటాయి. పడిన చిలుకను జాగ్రత్తగా ఎత్తి, ముక్కుకు రెండు చుట్లు బిగించి, నీడన పడుకోబెడతాడు. పాప హాయిగా నిద్రపోతోంది. మిగతా పని చీమలు చూసుకుంటాయి. చీమలు చప్పుడు చెయ్యవు.